స్లీవా, బైపాసా? పదహారేళ్ల అమ్మాయి తల్లికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. ఎత్తు 162 సెంటీమీటర్లు, బరువు 128 కిలోలు. ఏడాది క్రితం షుగర్ బయటపడింది. మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది, అదీ నేను గుర్తుచేస్తేనే. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. నిద్రలో గట్టిగా గురక పెడుతుంది, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడుతుంది. కొన్ని రాత్రులు పుల్లటి తేన్పులతో లేచి కూర్చుంటుంది. మూడేళ్లుగా డైట్లు, వ్యాయామాలు అన్నీ చేయించాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరుగుతోంది. నా పెంపకంలోనే లోపం ఉందేమో అనిపిస్తోంది. బరువు తగ్గించే ఆపరేషన్ కోసం ఇద్దరు సర్జన్లను కలిశాం. పొట్టను కత్తిరించి చిన్నది చేసే స్లీవ్ చాలు, అది సింపుల్ అని ఒకరన్నారు. షుగర్ ఉంది కాబట్టి పొట్టతో పాటు పేగు దారి కూడా మార్చే బైపాసే మంచిదని ఇంకొకరన్నారు. మావారు మాత్రం పొట్టలో పెట్టే బెలూనో, బరువు తగ్గించే ఇంజెక్షన్లో చూద్దాం, 18 నిండేదాకా ఆపరేషన్ మాట ఎత్తొద్దంటున్నారు. అమ్మాయేమో "ఏదో ఒకటి త్వరగా చేయించండి" అంటోంది. ఏది చేయించాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చాలా ముఖ్యమైన రెండు విషయాలు మీరు మామూలుగా రాసేశారు. రాత్రుళ్లు పుల్లటి తేన్పులు రావడం ఒకటి. మాత్రలు మీరు గుర్తుచేస్తేనే వేసుకోవడం రెండోది. ఏ సర్జరీ అన్నది తేల్చేవి చాలావరకు ఇవే. మొదటిది బైపాస్ వైపు లాగుతుంది, రెండోది స్లీవ్ వైపు. కాబట్టి ఇద్దరు సర్జన్లు రెండు మాటలు చెప్పినంత మాత్రాన ఒకరు తప్పు చెప్పారనుకోకండి. మీ అమ్మాయి విషయంలో రెండు వైపులా న్యాయం ఉంది.

వాటి గురించి వివరంగా చెప్తాను. ముందు మీ పెంపకం సంగతి తేల్చేయాలి, ఎందుకంటే ఆ బాధ మోస్తూ తీసుకునే నిర్ణయం సరిగ్గా ఉండదు. స్వీడన్‌లో 13 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న, తీవ్ర ఊబకాయం ఉన్న 50 మంది పిల్లలను చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. సగం మందికి సర్జరీ చేశారు. మిగతా సగం మందికి డాక్టర్ల పర్యవేక్షణలో గట్టి ఆహార నియమాలతో, క్రమం తప్పని కౌన్సెలింగ్‌తో చికిత్స ఇచ్చారు. రెండేళ్ల తర్వాత చూస్తే సర్జరీ చేసిన పిల్లల బీఎమ్‌ఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత) సగటున 12.6 తగ్గింది. రెండో గుంపులో తగ్గింది 0.2 మాత్రమే. నిపుణులు దగ్గరుండి చేయించినా వచ్చిన ఫలితం అదన్నమాట. ఇంత బరువు దగ్గర శరీరమే ఆ బరువును కాపాడుకోవడానికి ఎదురు తిరుగుతుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చయ్యే శక్తిని తగ్గిస్తుంది. మీరు, మీ అమ్మాయి మూడేళ్లు చేసింది తక్కువేమీ కాదు. ఈ ముక్క ఆమెకు కూడా మీ నోటితోనే చెప్పండి.

ఇక 18 నిండేదాకా ఆగుదామన్న మీవారి మాట. తండ్రిగా ఆయన భయం అర్థమవుతుంది, కానీ ఆగడం వల్ల నష్టమేమీ లేదనుకుంటే పొరపాటు. మీ అమ్మాయి బీఎమ్‌ఐ దాదాపు 49. పిల్లల్లో 35 దాటితేనే తీవ్ర ఊబకాయం అంటారు. దానితో పాటు షుగరో, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియానో ఉంటే సర్జరీ ఆలోచించవచ్చు. 40 దాటితే వేరే జబ్బు లేకున్నా ఆలోచించవచ్చు. 13 ఏళ్లు దాటిన ఇలాంటి పిల్లలను సర్జరీ అవసరమో కాదో పరిశీలించే కేంద్రానికి పంపాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2023లో స్పష్టంగా చెప్పింది. ఎత్తు ఎదుగుదల ఆగిపోతుందేమోనన్న భయం కూడా మీకు అక్కర్లేదు. నెలసరి మొదలై కొన్నేళ్లయిన 16 ఏళ్ల అమ్మాయి ఎత్తు దాదాపు పూర్తయిపోయి ఉంటుంది.

అన్నిటికీ మించి షుగర్ ఉంది. చిన్న వయసులో వచ్చే టైప్ 2 షుగర్ పెద్దవాళ్లకు వచ్చేదానికంటే మొండిది. అమెరికాలో అలాంటి పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2021లో వెలువడింది. సగటున 26 ఏళ్లు వచ్చేసరికే వాళ్లలో 60 శాతం మందికి కళ్లలోనో కిడ్నీల్లోనో నరాల్లోనో ఏదో ఒక దెబ్బ కనిపించింది. పెద్దవాళ్లకంటే పిల్లల్లో సర్జరీ షుగర్ మీద బాగా పనిచేస్తుందన్నది ఇంకో సంగతి. బైపాస్ అయిన ఐదేళ్లకు టీనేజీ పిల్లల్లో 86 శాతం మందికి షుగర్ మందులు లేకుండా అదుపులో ఉంటే, పెద్దవాళ్లలో అది 53 శాతమే. రెండేళ్లు ఆగితే షుగర్ కూడా రెండేళ్లు ముదురుతుంది. ఈ లెక్కలు మీవారికి చూపించండి. వాదన కోసం కాదు, ఆయన కూడా అదే కాగితం మీద ఆలోచించాలి కాబట్టి.

అయితే ఆగకూడదు అంటే వచ్చే వారమే ఆపరేషన్ టేబుల్ ఎక్కించమని కాదు. మూడు నుంచి ఆరు నెలల తయారీ కావాలి. అందులో ఏం చేయాలో మధ్యమధ్యలో చెప్తాను.

స్లీవ్‌లో పొట్టను నిలువునా కత్తిరించి, దాదాపు 75 నుంచి 80 శాతం భాగాన్ని శరీరంలోంచి తీసేస్తారు. అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం మిగులుతుంది. పేగుల జోలికి వెళ్లరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా పోతుంది కాబట్టి తినగలిగే మోతాదుతో పాటు ఆకలి కూడా తగ్గుతుంది. తీసేసిన పొట్టను తిరిగి పెట్టడం ఉండదు. కానీ తర్వాత అవసరమైతే స్లీవ్‌ను బైపాస్‌గా మార్చవచ్చు.

బైపాస్‌లో పొట్ట పైభాగాన్ని ఒక చిన్న సంచిలా, సుమారు 30 మిల్లీలీటర్లు పట్టేలా విడదీస్తారు. చిన్నపేగును కొంత దూరంలో కోసి, కింది ముక్కను తెచ్చి ఆ సంచికి కలుపుతారు. మిగతా పొట్టను తీసేయరు, లోపలే ఉంటుంది. ఆహారం మాత్రం దాన్నీ, పేగు మొదటి భాగాన్నీ తాకకుండా పోతుంది. దీనివల్ల పేగుల్లో పుట్టే హార్మోన్లు మారి, బరువు తగ్గడానికంటే ముందే షుగర్ దిగడం మొదలవుతుంది. తీపి ఎక్కువ తింటే గుండె దడ, చెమటలు, కడుపులో తిప్పడం వస్తాయి. దీన్ని డంపింగ్ అంటారు. కొందరికి ఇది తీపి మీద అదుపుగా కూడా పనికొస్తుంది.

రెండూ పొట్ట మీద చిన్న రంధ్రాలతో చేసేవే. రెండింటిలోనూ కుట్టిన చోట లీక్ కావడం, రక్తం పోవడం, కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం లాంటి ప్రమాదాలు కొద్దిమందికి ఉంటాయి. ప్రాణాపాయం చాలా అరుదు. స్లీవ్ టెక్నికల్‌గా తేలికైన ఆపరేషన్ అన్నది నిజమే, తక్కువ సమయం పడుతుంది. కానీ సింపుల్ అన్న మాటకు మోసపోకండి. ముక్కాలు వంతు పొట్ట తీసేసే ఆపరేషన్ ఏ కోణంలో చూసినా చిన్నది కాదు.

మరి బరువు? మీరు ఊహించినంత తేడా లేదు. అమెరికాలో ఐదు ఆసుపత్రుల్లో 2007 నుంచి 2012 మధ్య సర్జరీ అయిన 242 మంది టీనేజీ పిల్లలను గమనిస్తూ వచ్చారు. మూడేళ్ల తర్వాత బైపాస్ అయినవాళ్లు సగటున తమ బరువులో 28 శాతం, స్లీవ్ అయినవాళ్లు 26 శాతం తగ్గారు. పదేళ్ల ఫలితాలు 2024లో వచ్చాయి. అప్పటికి రెండు గుంపుల్లోనూ బీఎమ్‌ఐ మొదటికంటే దాదాపు 20 శాతం తక్కువగా నిలిచింది, తేడా అప్పుడూ పెద్దగా లేదు. షుగర్ విషయానికొస్తే, మూడేళ్లప్పుడు షుగర్ ఉన్న పిల్లల్లో 95 శాతం మందికి అది వెనక్కి తగ్గింది, పదేళ్లకు 55 శాతం మందికి తగ్గే ఉంది. షుగర్ ఉన్న పిల్లల సంఖ్య ఆ అధ్యయనంలో చిన్నదే కాబట్టి ఈ శాతాలను మరీ ఖచ్చితమైన కొలతలుగా తీసుకోవద్దు. కానీ ఒక సంగతి తెలుస్తోంది. ఏడాది కిందట బయటపడి, ఇన్సులిన్ దాకా వెళ్లకుండా ఒక్క మెట్‌ఫార్మిన్ మీద ఉన్న షుగర్‌కు బైపాసే దిక్కు అని చెప్పడానికి లేదు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లయితే నేను కూడా బైపాస్ వైపే మొగ్గేవాణ్ని.

ఈ లెక్కల్నే మీ అమ్మాయికి అన్వయించి చూడండి. 128 కిలోల్లో 27 శాతం అంటే సుమారు 35 కిలోలు. మూడేళ్లకు ఆమె సగటున 93, 94 కిలోల దగ్గర ఉండవచ్చు. పదేళ్లకు బీఎమ్‌ఐ 39 దగ్గర ఉండవచ్చు. అంటే సన్నబడదు. కొందరు ఇంతకంటే చాలా తగ్గుతారు, కొందరికి తగ్గిందంతా తిరిగి వస్తుంది. ఈ మాట ముందే చెప్పకపోవడం పిల్లలకు చేసే పెద్ద అన్యాయమని నా అభిప్రాయం. "ఏదో ఒకటి త్వరగా చేయించండి" అంటున్న అమ్మాయి మనసులో ఎలాంటి బొమ్మ ఉందో కనుక్కోండి. 55 కిలోల బొమ్మ ఉంటే, సర్జరీ బాగా జరిగినా ఆమెకు అది ఓటమిలాగే కనిపిస్తుంది. షుగర్ లేకుండా, గురక లేకుండా, మెట్లెక్కితే ఆయాసం లేకుండా ఉండటం అనే బొమ్మ ఉంటే ఆమెకు దక్కేది చాలా ఉంది. వదులుగా వేలాడే చర్మం గురించి కూడా ఇప్పుడే చెప్పండి. ఎంత వ్యాయామం చేసినా అది పూర్తిగా పోదు.

ఇప్పుడు పుల్లటి తేన్పుల దగ్గరకు వస్తాను. స్లీవ్ తర్వాత మిగిలే గొట్టంలో ఒత్తిడి ఎక్కువ. అందులోని ఆమ్లం పైకి, అన్నవాహికలోకి ఎగదన్నే అవకాశం పెరుగుతుంది. ఫిన్లాండ్‌లో పెద్దవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో పదేళ్ల తర్వాత ఎండోస్కోపీ (గొంతులోంచి కెమెరా గొట్టం పంపే పరీక్ష) చేసి చూస్తే, స్లీవ్ అయినవాళ్లలో 31 శాతం మందికి అన్నవాహికలో పుండ్లు, వాపు కనిపించాయి. బైపాస్ అయినవాళ్లలో 7 శాతం మందికే. బైపాస్ అసలు ఆమ్లం ఎగదన్నడానికి ఒక వైద్యం లాంటిది. అరవై ఏళ్లవాళ్లకు సర్జరీ చేసినప్పుడు ఈ తేడాను కొంత పక్కన పెట్టవచ్చు. పదహారేళ్ల అమ్మాయి ఆ గొట్టంతో ఇంకో అరవై ఏళ్లు బతకాలి. కాబట్టి ఎండోస్కోపీ లేకుండా స్లీవ్‌కు ఒప్పుకోవద్దు. అన్నవాహిక శుభ్రంగా ఉండి, తేన్పులు అప్పుడప్పుడూ మాత్రమే వస్తుంటే స్లీవ్ దారి తెరిచే ఉంటుంది. అప్పటికే వాపు, పుండ్లు ఉన్నా, పొట్ట పైభాగం ఛాతీలోకి జారిన హెర్నియా పెద్దగా ఉన్నా నేనైతే స్లీవ్ వద్దంటాను. సింపుల్ అన్న సర్జన్ గారు తేన్పుల గురించి అడిగారా? అడగకపోతే మీరే చెప్పండి, ఆయన అభిప్రాయం మారవచ్చు.

రెండోది మాత్రల సంగతి. ఏ సర్జరీ అయినా జీవితాంతం విటమిన్లు, ఖనిజాలు వేసుకోవాలి. మల్టీవిటమిన్, కాల్షియం, విటమిన్ డి, ఐరన్, బీ12. కాల్షియం, ఐరన్ కలిపి వేసుకోకూడదు, మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. అంటే రోజుకు ఒక్కసారి గుప్పెడు మింగేస్తే సరిపోదు. పైగా బైపాస్‌లో ఐరన్, కాల్షియం ఎక్కువగా పీల్చుకునే పేగు భాగాన్నే ఆహారం తప్పించుకుపోతుంది. ఇందాక చెప్పిన అమెరికా అధ్యయనంలోనే, ఐదేళ్లకు ఐరన్ నిల్వలు పడిపోయిన పిల్లలు బైపాస్ గుంపులో 71 శాతం, స్లీవ్ గుంపులో 45 శాతం. నెలసరి వచ్చే అమ్మాయిలకు ఇది ఇంకా బరువైన విషయం. రేపు బరువు తగ్గి నెలసరి సరిగ్గా రావడం మొదలైతే, అదే మంచి మార్పు ఐరన్‌ను ఇంకా లాగేస్తుంది. ఎముకల సాంద్రత కూడా రెండు సర్జరీల తర్వాతా తగ్గుతుంది. అదీ ఎముకలు గట్టిపడాల్సిన వయసులో.

టీనేజీ పిల్లలు మాత్రలు మానేయడం మామూలే. మీ అమ్మాయి సోమరి అని కాదు, తనకు జబ్బు ఉందని ప్రతిరోజూ గుర్తుచేసుకోవడం ఆ వయసులో ఎవరికీ ఇష్టం ఉండదు. ఇవాళ మీరున్నారు, గుర్తుచేస్తున్నారు. రెండేళ్లలో చదువుకు వేరే ఊరు వెళ్తే ఎవరు గుర్తుచేస్తారు? అందుకని నా సలహా ఏమిటంటే, సర్జరీ తయారీ నెలల్లోనే ఆ మాత్రలన్నీ మొదలుపెట్టించండి, బాధ్యత ఆమెకే ఇవ్వండి. ఫోన్‌లో అలారం ఆమే పెట్టుకోవాలి, డబ్బా ఆమే నింపుకోవాలి. మీరు వారానికోసారి డబ్బా చూస్తే చాలు. మూడు నెలల్లో ఎక్కువ రోజులు తనంతట తాను వేసుకోగలిగితే రెండు సర్జరీలూ ఆమెకు అందుబాటులో ఉన్నట్టే. వేసుకోలేకపోతే బైపాస్ మంచిది కాదు. బీ12 అయితే ఇంజెక్షన్‌గా ఇవ్వవచ్చు, మిగతావన్నీ అలా కుదరవు.

విటమిన్ల గురించి ఇంకొక్కటి, ఇది మాత్రం కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. సర్జరీ అయిన మొదటి నెలల్లో వాంతులు ఆగకుండా రెండు మూడు రోజులు సాగితే ఇంట్లో కూర్చోకూడదు. విటమిన్ బీ1 నిల్వలు కొన్ని వారాల్లోనే అయిపోతాయి. అది తగ్గితే కాళ్లలో తిమ్మిర్లు, నడక తూలడం, చూపు రెండుగా కనిపించడం మొదలై, నరాలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. అత్యవసర విభాగంలో ఎవరున్నా సరే, "బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీ అయింది, వాంతులవుతున్నాయి, గ్లూకోజ్ ఎక్కించేముందు బీ1 ఇవ్వండి" అని మీరే చెప్పండి. బైపాస్ అయినవాళ్లకు ఇంకో హెచ్చరిక కూడా ఉంది. ఏళ్ల తర్వాతైనా సరే, మెలిపెట్టే కడుపునొప్పి వస్తే పేగు లోపల ఇరుక్కుని ఉండవచ్చు. గ్యాస్ అనుకుని ఆగకుండా, ఈ సర్జరీలు తెలిసిన ఆసుపత్రికే వెళ్లాలి. బైపాస్ తర్వాత ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, సిగరెట్ పుండ్లు తెచ్చిపెడతాయి. పళ్ల డాక్టరు రాసిచ్చే మాత్రల చీటీ కూడా ఇకపై చదివే మింగాలి.

మీవారు అడిగిన బెలూన్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. దాన్ని పొట్టలో సాధారణంగా ఆరు నెలలు ఉంచి తీసేస్తారు, తీశాక బరువు తిరిగి వస్తుంది. 49 బీఎమ్‌ఐకి అది చికిత్స కాదు. పొట్ట చుట్టూ కట్టే బ్యాండ్ గురించి ఎవరైనా చెప్తే దానికీ వద్దనండి. ఆస్ట్రేలియాలో టీనేజీ పిల్లల మీద చేసినప్పుడు బరువు బాగానే తగ్గింది గానీ, రెండేళ్లలోనే నలుగురిలో ఒకరికి పైగా మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు దాన్ని దాదాపు అందరూ వదిలేశారు. మినీ బైపాస్ అని ఇంకోటి వినిపిస్తుంది. అందులో ఒకే అతుకు ఉంటుంది, బరువు బాగా తగ్గుతుంది. కానీ పైత్యరసం పొట్టలోకి ఎగదన్నడం, పోషకాల లోటు ఎక్కువ ఉంటాయి. ఈ వయసు పిల్లల్లో దీర్ఘకాల ఫలితాలు స్లీవ్‌కూ, మామూలు బైపాస్‌కూ ఉన్నంతగా దీనికి లేవు. పుల్లటి తేన్పులున్న పిల్లకు దాన్ని నేను సిఫారసు చేయను.

ఇంజెక్షన్ల సంగతి వేరు, అక్కడ మీవారి మాటలో బలం ఉంది. సెమాగ్లుటైడ్ అనే వారానికో ఇంజెక్షన్‌ను 12 ఏళ్లు దాటిన 201 మంది పిల్లల మీద పరీక్షించారు. 2022లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం 68 వారాల్లో బీఎమ్‌ఐ సగటున 16 శాతం తగ్గింది. ఇది చిన్న సంగతి కాదు. కానీ మీ అమ్మాయికి 16 శాతం తగ్గితే బీఎమ్‌ఐ 41 దగ్గర ఆగుతుంది. మందు మానేస్తే బరువు తిరిగి వస్తుంది, అంటే ఏళ్ల తరబడి వాడాలి. వాంతులు, వికారం కొందరికి ఎక్కువగా ఉంటాయి. ఈ ఇంజెక్షన్‌ను సర్జరీకి పోటీగా చూడకుండా, తోడుగా చూడమంటాను. తయారీ నెలల్లో మొదలుపెడితే షుగర్ దిగుతుంది, మత్తు ఇవ్వడం కొంత సురక్షితమవుతుంది, అమ్మాయికి ఏదో మొదలైందన్న ధైర్యం కూడా వస్తుంది. ఆమె శరీరం చాలా బాగా స్పందించి బరువు ఊహించినదానికంటే తగ్గుతూ పోతే సర్జరీని వాయిదా వేయడంలో తప్పేమీ లేదు. ఇంజెక్షన్ వాడుతున్న సంగతి మత్తు డాక్టరుకు మాత్రం తప్పకుండా ముందే చెప్పాలి, ఎందుకంటే దానివల్ల పొట్ట ఖాళీ కావడం ఆలస్యమవుతుంది.

మీరు రాయనిది ఒకటి అడుగుతున్నాను. ఆమె బరువు ఐదేళ్లలోపే విపరీతంగా పెరగడం మొదలైందా? ఎంత తిన్నా తీరని ఆకలి చిన్నప్పటినుంచీ ఉందా? అవునైతే సర్జరీకి ముందు జన్యు పరీక్ష చేయించాలి. ఎంసీ4ఆర్ లాంటి కొన్ని జన్యువుల్లో లోపం వల్ల కూడా ఇలా జరుగుతుంది, వాటిలో కొన్నిటికి ప్రత్యేకమైన మందు కూడా వచ్చింది. స్టెరాయిడ్లు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి, అలాంటివి వాడుతుంటే చెప్పండి.

ఇక మీకు ఇబ్బందిగా అనిపించినా చెప్పక తప్పనిది. బరువు తగ్గితే పీసీఓడీ (నెలసరి తప్పించే హార్మోన్ల సమస్య) ఉన్న అమ్మాయిల్లో అండాలు విడుదల కావడం మొదలవుతుంది. సర్జరీ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకూడదు, తల్లికీ బిడ్డకూ పోషకాలు చాలవు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు శరీరానికి సరిగా అందుతాయన్న నమ్మకం ఉండదు, వేరే పద్ధతి ఉండాలి. పెద్దయ్యాక మద్యం ముట్టుకుంటే కొద్దిపాటికే మత్తు ఎక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదం కూడా ఎక్కువ. ఇవన్నీ డాక్టరు మీ అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాల్సిన విషయాలు. అప్పుడు మీరు గది బయట ఉండండి. ఆమె మీద నమ్మకం లేక కాదు, మీ ముందు ఆమె కొన్ని ప్రశ్నలు అడగలేదు కాబట్టి. ఆ తర్వాతెప్పుడో పెళ్లయి పిల్లలు కావాలనుకుంటే ఈ సర్జరీలు అడ్డం కావు. బరువు, షుగర్ తగ్గి గర్భం నిజానికి సురక్షితమవుతుంది. ముందుగా రక్తపరీక్షలు చేయించుకుని, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి.

మనసు సంగతి కూడా అంతే ముఖ్యం. బరువు తగ్గితే దిగులు దానంతటదే పోతుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. స్వీడన్‌లో బైపాస్ అయిన టీనేజీ పిల్లలను ఐదేళ్లు గమనిస్తే వాళ్లకు మానసిక చికిత్స అవసరం తగ్గలేదని తేలింది. మొదట్లో ఉత్సాహం ఉన్నా, బరువు తగ్గడం ఆగాక కొందరు దిగులు పడవచ్చు. ఎవరూ చూడనప్పుడు దాచుకుని అతిగా తినడం, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచనలు ఇప్పటికే ఉంటే అవి సర్జరీకి శాశ్వత అడ్డంకులు కావు గానీ, ముందు వాటికి చికిత్స మొదలవ్వాలి. అందుకే సైకాలజిస్టు లేని చోట సర్జరీ చేయించవద్దంటాను. ఒక్కసారి సంతకం పెట్టి పంపే సైకాలజిస్టు కాదు, సర్జరీ తర్వాత కూడా రెండేళ్లు మాట్లాడే మనిషి కావాలి.

ఇద్దరు సర్జన్లలో ఎవరిని ఎంచుకోవాలన్నది కూడా నేను ఇక్కడి నుంచే చూస్తాను.  టీనేజీ పిల్లలకు ఇప్పటిదాకా ఎన్ని చేశారని ఇద్దరినీ అడగండి. ఐదేళ్ల క్రితం చేసిన పిల్లల్లో ఎంతమంది ఇంకా చెకప్‌కు వస్తున్నారని అడగండి. అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేయాలని అడగండి. పిల్లల హార్మోన్ల డాక్టరు, డైటీషియన్ ఆ బృందంలో ఉన్నారా అని అడగండి. సర్జరీ మాట మాత్రమే మాట్లాడి, తర్వాతి పదేళ్ల గురించి తడబడే చోటికి వెళ్లకండి, ఆయన ఎంత పేరున్న సర్జన్ అయినా సరే.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు. ఎండోస్కోపీ శుభ్రంగా ఉంటే మీ అమ్మాయికి నేను స్లీవ్ చెప్తాను. బరువులో తేడా స్వల్పం, షుగర్ ఇంకా లేతగా ఉంది, పోషకాల లోటు తక్కువ, మాత్రల అలవాటు ఇంకా కుదరలేదు, పైగా ఇరవై ఏళ్ల తర్వాత అవసరమైతే బైపాస్‌గా మార్చుకునే దారి చేతిలో ఉంటుంది. అన్నవాహికలో పుండ్లు ఉంటే బైపాస్ చెప్తాను, కానీ మాత్రల పరీక్షలో ఆమె నెగ్గాకే. రెండూ ఎదురైతే, అంటే పుండ్లూ ఉండి మాత్రలూ వేసుకోకపోతే, తొందరపడొద్దు. ఇంజెక్షన్‌తో ఇంకో ఏడాది నడిపించి మాత్రల అలవాటు చేయించండి. చివరి మాట ఆమెదే కావాలి. ఇవన్నీ విన్నాక ఆమె వద్దంటే వద్దు, ఆ తలుపు మూసుకుపోదు.

తయారీకి నెలలు పడుతుందన్నాను గానీ ఒక్కటి మాత్రం ఆగకూడదు. నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడుతోందని రాశారు. అది స్లీప్ ఆప్నియా కావచ్చు. ఈ వారంలోనే నిద్ర పరీక్షకు టైమ్ తీసుకోండి. ఉందని తేలితే రాత్రుళ్లు గాలి పంపే సీప్యాప్ మెషిన్ వెంటనే మొదలుపెడతారు. సర్జరీ అవుతుందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఆ మెషిన్ కొన్ని వారాలు వాడాకే మత్తు ఇవ్వడానికి కూడా డాక్టర్లు ఇష్టపడతారు. పరీక్ష అయ్యేదాకా ఆమెను వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి, తల కాస్త ఎత్తుగా పెట్టుకుని పడుకోమనండి. తేన్పులకు కూడా అది ఉపశమనం ఇస్తుంది.